పొట్టు పీల్చడానికి ఇంత గోలా?

మా రోజుల్లో వడ్రంగి ఏం పనిలో ఉన్నాడో వీధి మొదట్లోనే తెలిసిపోయేది. బాడిశ దెబ్బకి ఒక చప్పుడు, ఉలి మీద పడే కొయ్యసుత్తికి ఇంకో చప్పుడు. చిత్రిక పడుతుంటే బారుగా సాగి ఆగేది. రంపం తోసినప్పుడు ఒకలా పలికేది, లాగినప్పుడు ఒకలా పలికేది. నాకు పని నేర్పిన ఆచారి గారు అటు తిరిగి కూర్చుని ఎవరితోనో ద్వారబంధాల బేరం మాట్లాడుతూనే, "ఒరేయ్, పళ్ళు మొద్దుబారాయి, ఆకురాయి పెట్టు" అని కేకేసేవారు. కన్ను బేరగాడి మీద, చెవి మా చేతుల మీద.

ఇప్పుడు మా మనవడి వర్క్‌షాపుకి రండి. మొన్న టేబుల్ సా మీద టేకు పలక అంచు కాలి నల్లచార పడుతుంటే, పక్కనే నిలబడి "ఫెన్సు వంకరగా ఉందిరా అబ్బాయ్, ఆపు" అని అరిచాను. వాడు నా వైపు చూసి నవ్వి, బొటనవేలు పైకెత్తి, పలక ఇంకాస్త తోశాడు. మెచ్చుకున్నాననుకున్నాడు! టేబుల్ సా గోల తక్కువేమీ కాదు. కానీ కోత అయిపోయి, రంపం ఆగిపోయాక కూడా నా మాట వాడికి అందలేదు. మూల నిలబడి పొట్టు పీల్చే డస్ట్ ఎక్స్‌ట్రాక్టరు ఒకటుంది, అది ఆగదు. దాని ముందు మాట్లాడటమంటే పిండిమర దగ్గర నిలబడి పెళ్ళిసంబంధం మాట్లాడుకోవడమే.

వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హైదరాబాదులో నిజాంపేట వైపు ఇల్లు. కారు బయట ఎండలో మాడుతుంటే, కారు కోసం వేసిన రేకుల షెడ్డులో టేబుల్ సా, ప్లేనరు, రౌటరు దర్జాగా నీడపట్టున ఉన్నాయి. నా కొడుకు వద్దనుకున్న పనిని మనవడు సరదాగా చేపట్టాడు. సంతోషం కాదా అంటే సంతోషమే. చెవులు మూసుకుని సంతోషించాల్సి వస్తోంది, అదీ బాధ.

మాకు పొట్టు పీల్చే మెషీను లేదు. అవసరమూ పడలేదు. చేతి చిత్రికకి వచ్చేది దుమ్ము కాదు, చుట్టలు చుట్టుకునే పొర. కాళ్ళ దగ్గర పడి ఉంటుంది, సాయంత్రం చీపురు పెడితే పోతుంది. చేతిరంపం పొట్టు కూడా బరకగా, బరువుగా ఉండి ఉన్నచోటే రాలుతుంది. పైగా అది మాకు చెత్త కాదు, సరుకు. రాజమండ్రిలో నేను పనిచేసిన కోతమిల్లు ముందు పొద్దున్నే గోనెసంచులు పట్టుకుని ఆడవాళ్ళు వరస కట్టేవాళ్ళు. పొట్టు పొయ్యి కోసం. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు కాబట్టి చెబుతున్నాను. పాత డబ్బాకి అడుగున పక్కగా ఒక రంధ్రం కొడతారు. ఆ రంధ్రంలోంచి ఒక కర్ర అడ్డంగా దూర్చి, దాని కొస మీద ఆనేలా డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెడతారు. చుట్టూ పొట్టు పోసి పిడికిలితో గట్టిగా కూరతారు. నిండాక సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగి, కర్రని పక్కకి లాగేస్తే లోపల గొట్టం మిగులుతుంది. కింది నుంచి నిప్పంటిస్తే పూటంతా నిదానంగా కాలుతుంది. కూరడంలో ఒడుపు తప్పితే వంట మధ్యలో కూలి ఆరిపోతుంది. మా ఆవిడ కూరిన పొయ్యి ఎన్నడూ కూలలేదు. ఆవిడే మొన్న మనవడి పొట్టుసంచిలో చెయ్యి పెట్టి చూసి, "ఇదేం పొట్టండీ, మరీ మెత్తగా ఉంది, వేళ్ళ మధ్య నిలవట్లేదు, పొయ్యిలో కూరడానికి పనికిరాదు" అంది.

అసలు సంగతి ఆవిడ పట్టుకుంది. ఇప్పటి పొట్టు వేరు. నిమిషానికి వేల చుట్లు తిరిగే బిళ్ళకో, గరుకు కాగితం మెషీనుకో చెక్క తగిలితే లేచేది కంటికి ఆనని దుమ్ము. ఎమ్‌డీఎఫ్ అయితే మరీను. పీచుని జిగురుతో కలిపి అదిమిన పలక అది. కోస్తే ఆ జిగురుతో సహా గాల్లోకి లేస్తుంది, గంటల తరబడి కిందికి దిగదు. అందుకే మెషీనుని పీకి అవతల పారెయ్యమని నేను అనను. మా కోతమిల్లులో దగ్గని ముసలి మేస్త్రి నాకు గుర్తు లేడు. ముక్కుకి తువ్వాలు చుట్టుకునేవాళ్ళు, పని దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్ళు, గొంతులో దుమ్ము దిగిపోతుందని. బెల్లం నోరు తీపి చేసింది తప్ప ఊపిరితిత్తులకి ఒరగబెట్టిందేమీ లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క దుమ్ముని మనుషులకి క్యాన్సర్ తెస్తుందని రూఢి అయిన వాటి జాబితాలో, మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలా, దాని చుట్టూ ఉండే గాలి గదుల్లోనూ వచ్చే క్యాన్సరట. కాబట్టి పీల్చండి బాబూ, తప్పకుండా పీల్చండి. ఊరంతటికీ చాటింపు వేస్తూ పీల్చక్కర్లేదు అంటున్నాను, అంతే.

గోల గురించి సణగడానికి నాకు ఇంకో హక్కు కూడా ఉంది. కోతమిల్లులో బ్యాండ్ సా పక్కన చెవిలో దూది కూడా లేకుండా పనిచేసినవాణ్ణి. చెవులకి ఏదైనా పెట్టుకోవాలని ఎవరూ అనలేదు, మాకూ తోచలేదు. ఇప్పుడు ఎవరైనా మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం అంటున్నారో తెలియదు. "సంచి తెచ్చారా" అంటే "మంచి తెచ్చారా" అని వినిపించి, ఏం మంచి అని ఆలోచిస్తూ నిలబడతాను. చెవుల డాక్టరు గారు గీత గీసి చూపించారు. మిగతా చోట్ల బాగానే నడిచి, 4,000 హెర్ట్‌జ్ దగ్గర గోతిలోకి దిగింది ఆ గీత. గోలలో పనిచేసినవాళ్ళ చెవులు ముందు పాడయ్యేది అక్కడేనట. స, ష, త, చ లాంటి అక్షరాలని విడదీసి చెప్పే పదును ఉండేది కూడా ఆ పై స్వరాల్లోనే. పోయింది తిరిగి రాదని కూడా చెప్పారు. అమెరికాలో నియోష్ అని వృత్తి ఆరోగ్య సంస్థ ఒకటుంది. వాళ్ళ లెక్కలో 85 డెసిబెళ్ళ గోలలో రోజుకి 8 గంటలకి మించి ఉండకూడదు. ఆ పైన ప్రతి 3 డెసిబెళ్ళకీ సమయం సగం కావాలి. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. 100 అయితే పావుగంట. మనవాడి ప్లేనరు 100 దగ్గర ఉంటుంది. శనివారం పొద్దున కాఫీ చల్లారేలోగా ఆ పావుగంట ఖర్చయిపోతుంది.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎవరూ చెప్పట్లేదు గనక. డెసిబెళ్ళు రూపాయల్లా కూడవు. 100 డెసిబెళ్ళ ప్లేనరు తిరుగుతుండగా పక్కన 85 డెసిబెళ్ళ ఎక్స్‌ట్రాక్టరు వేస్తే మొత్తం 185 కాదు, 100 మీద ఇంకో పిసరు. అంటే కోత నడిచేటప్పుడు ఎక్స్‌ట్రాక్టరు గోల మనకి అదనంగా తెలియనే తెలియదు. మరి అది చంపేది ఎప్పుడు? కోతకీ కోతకీ మధ్య. మనవడు టేపు పట్టి కొలుస్తాడు, పెన్సిలు చెవి మీంచి తీస్తాడు, గీత గీస్తాడు, ఫోను చూస్తాడు, మళ్ళీ కొలుస్తాడు. ఇంతసేపూ అది మోగుతూనే ఉంటుంది, పీల్చడానికి దుమ్ము లేకపోయినా. ఎందుకు ఆపలేదురా అంటే, "స్విచ్చు గోడ మూల ఉంది తాతయ్యా, ప్రతిసారీ ఎవరు వెళ్తారు" అన్నాడు. గదిలో ఏసీకి రిమోటు, ఫ్యానుకి రిమోటు, దీపానికి రిమోటు పెట్టుకున్నవాడు అనాల్సిన మాటేనా ఇది? ఎలక్ట్రీషియన్ని పిలిచి, రంపం వేస్తే తనంతట తాను లేచి, రంపం ఆగిన కాసేపటికి తనంతట తాను ఆగే స్విచ్చు పెట్టించాం. పైపులో మిగిలిన పొట్టు సంచికి చేరేదాకా ఆ కాసేపు ఉండాలి. ఆ ఒక్క పనితో ఇంట్లో తలనొప్పి సగం తగ్గింది. పెట్టెలూ గోడలూ తరవాతి మాట.

అసలా గోల ఎక్కడ పుడుతోందో ముందు వినాలి. ఈ బ్యాగు రకం ఎక్స్‌ట్రాక్టరులో మోటారు మన 50 సైకిళ్ళ కరెంటు మీద నిమిషానికి సుమారు 2,880 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 48. లోపల ఫ్యానుకి ఆరు రెక్కలుంటే, ఒక్కో రెక్క డబ్బా మూతిని దాటిన ప్రతిసారీ గాలిని ఒక దెబ్బ కొడుతుంది. సెకనుకి 288 దెబ్బలు. మీకు వినిపించే ఆ "ఊఁ" అదే. మోటారు తన వంతుగా చేసేది తక్కువ. చేతిలో పట్టుకు తిరిగే వ్యాక్యూము కథ వేరు. దాంట్లో బ్రష్షుల మోటారు నిమిషానికి 20,000 చుట్ల లెక్కన పరిగెత్తుతుంది, అందుకే అది ఊళ వెయ్యదు, కీచుమంటుంది. నా చెవికి పెద్దది హాయి, మనవడి చెవికి చిన్నదే నయం. నా చెవిలో కీచు వినే భాగం పోయింది కాబట్టి ఈ తగాదాలో నా సాక్ష్యం చెల్లదు.

ఇక గోల తగ్గించడానికి వాడు చేసినవి చెబుతాను. కోడిగుడ్ల ట్రేలు తెచ్చి గోడంతా అతికించాడు. వీడియోలో చూశాడట. గుడ్ల ట్రే అట్ట. దాని బరువెంత, అది ఆపేదెంత? గదిలో గణగణ ప్రతిధ్వని కాస్త మెత్తబడితే పడవచ్చు గానీ, గోడ అవతలికి పోయే శబ్దం దాన్ని లెక్కచెయ్యదు. పైగా బల్లులకి కాపురాలు. ఆ తరవాత థర్మోకోలు. అదీ అంతే, గాలి తప్ప అందులో ఏముంది? శబ్దాన్ని ఆపేది బరువు. పలక బరువు రెట్టింపయితే ఆపే శక్తి 5, 6 డెసిబెళ్ళు పెరుగుతుంది. మూడోసారి ఎవరో స్నేహితుడి సలహా మీద ఫ్యాను రెగ్యులేటరు తెచ్చి ఎక్స్‌ట్రాక్టరుకి తగిలించబోయాడు, వేగం తగ్గిస్తే గోల తగ్గుతుందని. మాట నిజమే. రెక్కల వేగం ఐదో వంతు తగ్గితే గోల సుమారు 5 డెసిబెళ్ళు తగ్గుతుంది. కానీ అది త్రీఫేజ్ మోటారుకి డ్రైవు పెట్టి చేసే పని. మాది కెపాసిటరు మీద నడిచే సింగిల్ ఫేజ్ మోటారు, దానికి రెగ్యులేటరు పెడితే వేగం తగ్గకపోగా వేడెక్కి వైండింగు కాలుతుంది. నేను ప్లగ్గు పీకి పట్టుకుని కూర్చున్నాను, అందుకని మోటారు దక్కింది.

మా రోజుల్లో ఊళ్ళో వడ్రంగి పందిరి ఊరి చివర ఉండేది, కమ్మరి కొలిమి పక్కన. గోల చేసే పనులకి ఊరే ఒక చోటు ఇచ్చేది. ఇక్కడ మనవడి షెడ్డుకీ పక్కింటి బెడ్రూము కిటికీకీ మధ్య ఉన్న ఖాళీలో ఒక మనిషి పక్కకి తిరిగి నడవాలి. ఆ ఇంట్లో పిల్ల ఈఏపీసెట్‌కి చదువుతోంది. వాళ్ళ నాన్నగారు మంచివారు, గేటు దగ్గర కనిపించినప్పుడు "మనవడు గారు ఇవాళ కూడా పనిలో ఉన్నారా అండీ" అని నవ్వుతూ అడుగుతారు. ఆ "కూడా"లో ఉంది విషయమంతా. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 మించకూడదు. మనవాడి ఫోనులో యాప్ పెట్టి కాంపౌండు గోడ దగ్గర కొలిస్తే 71 చూపించింది. ఫోను యాప్ అంకె నికరంగా నమ్మడానికి లేదు గానీ, ముందూ తరవాతా తేడా చూసుకోవడానికి పనికొస్తుంది.

సరే, సణుగుతూ ఎన్నాళ్ళు కూర్చుంటాను? గోల బయటికి రాకుండా ఎక్స్‌ట్రాక్టరు చుట్టూ పెట్టె నేను కడతానన్నాను. మెట్ల కింద చోటుంది, రెండు వైపులా గోడ ముందే ఉంది. మూడో వైపు తాపీమేస్త్రి చేత నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కట్టించి, రెండు పక్కలా ప్లాస్టరింగు చేయించాం. అలాంటి గోడ 40 డెసిబెళ్ళకి పైనే ఆపుతుంది. ముందు వైపు తలుపు. తలుపు దగ్గర మనవడికీ నాకూ తగువు వచ్చింది. వాడు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు రెండు పొరలు స్క్రూలతో బిగించి, మడతబందులు వేసి, "అయిపోయింది తాతయ్యా" అన్నాడు. నేను షెడ్డులో దీపం ఆర్పి, లోపల టార్చి వెలిగించి పెట్టాను. తలుపు చుట్టూ వెలుగు గీత. వాడు "పావు అంగుళమే కదా" అన్నాడు. ఆ పావు అంగుళమే కొంప ముంచుతుంది. గోడలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, మిగతాది కోటగోడంత లావున్నా సరే, మొత్తం కలిసి 20 డెసిబెళ్ళకి మించి ఆపలేదు. ఇటుకలకి పెట్టిన డబ్బంతా ఆ సందులోంచి పోతుంది. తలుపు దింపించి, చట్రానికి చుట్టూ గాడి కొట్టి, రబ్బరు బీడింగు కూర్చి, చిత్రిక పట్టి పట్టి ఒక్క పొర చొప్పున తీసి, మూస్తే గాలి కూడా నొక్కుకుని నిలిచేలా అమర్చాను. టార్చి వెలుగు బయటికి రాలేదు. సందు లేకుండా తలుపు కూర్చడం మా రోజుల్లో చీకట్లో ఇంట్లోకి పాము రాకుండా చేసే పని. ఇప్పుడు శబ్దం రాకుండా చెయ్యడానికి అదే పని.

అయితే పూర్తిగా మూసేస్తే మెషీను చస్తుంది. అది పీల్చిన గాలి ఎక్కడికో పోవాలి కదా. నాలుగంగుళాల పైపులో పొట్టు ఆగకుండా ప్రయాణం చెయ్యాలంటే గాలి నిమిషానికి 4,000 అడుగుల వేగంతో పోవాలి, అంటే నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలి. అంత గాలికీ బయటికి దారి ఇవ్వాలి, శబ్దానికి మాత్రం ఇవ్వకూడదు. గాలి మలుపులు తిరిగి పోగలదు. ఈ కీచు, ఊళ అంత సులువుగా తిరగలేవు, ప్రతి మలుపులో గోడకి తగులుతాయి, ఆ గోడకి రాక్‌వూలు అనే రాతిపీచు ఉంటే అందులో చాలా భాగం ఇంకిపోతుంది. అందుకని గోడ మీదుగా చెక్కతో ఒక గొట్టం కట్టాం. నాలుగంగుళాల పైపు వైశాల్యం పన్నెండున్నర చదరపు అంగుళాలు. మా గొట్టం లోపలి కొలత రాక్‌వూలు పోగా 8కి 6, అంటే 48. వెడల్పు ఎక్కువైతే గాలి నెమ్మదిగా పోతుంది, నెమ్మదిగా పోయే గాలి ఈల వెయ్యదు. పైకి వెళ్ళి, అడ్డంగా తిరిగి, మళ్ళీ కిందికి దిగి షెడ్డులోకే తెరుచుకుంటుంది. గొట్టం లోపలా, మెట్ల కింది గది లోపలా రెండంగుళాల రాక్‌వూలు పరిచి, పీచు ఊడి గాల్లో కలవకుండా పల్చటి గుడ్డ బిగించాం. రాక్‌వూలు పని చేసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోరా అంటే మనవడు వినలేదు. మర్నాడంతా గోక్కున్నాడు.

మోటారు వేడెక్కదా అని అడుగుతారు. అది వదిలే గాలే మోటారుని రాసుకుంటూ బయటికి పోతోంది కాబట్టి వేడెక్కదు. చిన్న వ్యాక్యూముని దారి లేని పెట్టెలో పెట్టి మూత బిగించేవాళ్ళకి మాత్రం మోటారు కాలుతుంది. తప్పు పెట్టెది కాదు, మూసేసినవాడిది. ఇంకొక సంగతి, గాలి మళ్ళీ షెడ్డులోకే వస్తోందంటే వడపోత గట్టిగా ఉండాలి. దీంతో వచ్చిన గుడ్డ సంచి 30 మైక్రాన్ల రకం. ఊపిరితిత్తుల లోపలికి దిగే దుమ్ము 10 మైక్రాన్ల లోపుది. అంటే ఆ సంచి కంటికి కనిపించే పొట్టు దాచుకుని, కనిపించనిదాన్ని గదంతా చల్లుతోంది. దాని బదులు మడతల కార్ట్రిడ్జి ఫిల్టరు పెట్టించాం.

పైపుల సంగతి టూకీగా. ముడతల గొట్టం బారుగా వాడకండి, ముడతల మీద గాలి రాసుకుని గోల చేస్తుంది, పీల్చుడు కూడా తగ్గుతుంది. నున్నటి పైపు వేసి, మెషీను దగ్గర మాత్రం ఒక అడుగు ముడతల గొట్టం పెట్టండి. మలుపులు వంపుగా ఉండాలి. ఒక్క అతుకు వదులైనా ఈల వేస్తుంది, టేపు చుట్టండి. పైపు రేకుల షెడ్డు స్తంభానికి క్లాంపు కొట్టి బిగించారా, పైకప్పు రేకులన్నీ పాటందుకుంటాయి, మధ్యలో రబ్బరు పెట్టండి. మెషీను కాళ్ళ కింద కూడా. చక్రాల మీద నిలబెట్టకండి, గచ్చు మీద అదురుతుంది. పొట్టు ఫ్యానులోకి వెళ్ళే ముందే సైక్లోను డబ్బాలో దించుకుంటే చెక్కముక్కలు రెక్కలకి తగిలి టకటకమనడం పోతుంది, రెక్కలూ మిగులుతాయి.

అమ్మేవాళ్ళ మీద కూడా నాకు కడుపు మంట ఉంది. కాగితం మీద "శబ్దం 75 డెసిబెళ్ళు" అని వేస్తారు. ఎంత దూరం నుంచి కొలిచారయ్యా అంటే ఎవరూ చెప్పరు. ఆరుబయట దూరం రెట్టింపయితే 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. మీటరు దూరంలో 87 ఉన్నది నాలుగు మీటర్ల దూరంలో 75 అవుతుంది. దూరం చెప్పని అంకె అంకె కాదు. మా రోజుల్లో కలప అడితిలో దుంగ కొనేటప్పుడు చుట్టుకొలత ఎక్కడ పట్టావని అడగనివాణ్ణి వెర్రివాడనేవాళ్ళు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళు అడగట్లేదు.

తలుపు మూసి, గొట్టం పెట్టి, రబ్బర్లు వేసి మళ్ళీ కొలిచాం. టేబుల్ సా ఆపి ఎక్స్‌ట్రాక్టరు ఒక్కటే వేస్తే, మనవడు నిలబడే చోట ఇదివరకు 84 ఉన్నది 66కి దిగింది. కాంపౌండు గోడ దగ్గర 71 ఉన్నది 52. మాట వినపడుతోంది. రంపం పలికేది కూడా మళ్ళీ తెలుస్తోంది, బిళ్ళ మొద్దుబారితే వాడికే తెలిసి ఆపుతున్నాడు. కోతప్పుడు చెవులకి మఫ్‌లు పెట్టుకోవడం మాత్రం మానొద్దన్నాను. టేబుల్ సానీ ప్లేనరునీ ఏ మెట్ల కిందా దాచలేం. ప్లేనరు కత్తుల బదులు చిన్న చిన్న చదరపు బిళ్ళలు మెలికగా అమర్చిన కట్టరు వేస్తే దాని గోల కూడా బాగా తగ్గుతుందట. ధర విని నేను లేచి వచ్చేశాను. ఆ డబ్బుకి మా రోజుల్లో ఇంటికి ద్వారబంధాలన్నీ టేకుతో పెట్టించేవాళ్ళు.

మిమ్మల్ని ఒకటే అడుగుతున్నాను. ఇంట్లో చెక్కపని పెట్టుకునేవాళ్ళు మెషీను ధరలోనే దానికి కట్టే గది ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి. రెండూ కలిపి అందకపోతే కొన్నాళ్ళు ఆగండి. ఈలోగా పాత ఉలీ చిత్రికా పట్టుకోండి, నోటికీ ముక్కుకీ మంచి మాస్కు పెట్టుకోండి. ఎక్స్‌ట్రాక్టరు వచ్చాక మొదటిసారి వేసిన రోజున మీ షెడ్డులో కాదు, పక్కింటి వాళ్ళని అడిగి వాళ్ళ కిటికీ దగ్గర నిలబడి వినండి. రాత్రి 10 దాటాక, ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని జనం నడుం వాల్చే వేళ, స్విచ్చు జోలికి వెళ్ళకండి.